అక్క చూసిన సంబంధం

పాతకాలం ఇంగ్లీషు నవలల్లో ఆడపిల్లలంటే లిండాకి మొదట్నుంచీ ఒళ్లుమంటే. భీమవరంలో బీఎస్సీ చదివేటప్పుడు జయశీల మేడమ్ ఇంగ్లీషు క్లాసులో ఆ కథలు చెబుతుంటే చివరి బెంచీలోంచి చెయ్యెత్తేది.

"అదేంటి మేడమ్, వాడు పెళ్లి చేసుకుంటాడో లేదో తెలియకుండా ఏళ్లకేళ్లు కిటికీ దగ్గర కూర్చోవడం ఏంటి? వెళ్లి అడిగెయ్యొచ్చుగా?"

క్లాసంతా గొల్లుమనేది. జయశీల మేడమ్ మాత్రం నవ్వేది కాదు.

"అడిగితే పరువు పోతుందమ్మా. పరువు పోతే పెళ్లి పోతుంది, పెళ్లి పోతే కూడు పోతుంది. ఆ రోజుల్లో తండ్రి ఆస్తి మగవారసుడికి. ఆడదాని చేతిలో నాలుగు డబ్బులున్నా పెళ్లయిన మర్నాటి నుంచీ అవి మొగుడివే. పెళ్లి కుదరకపోతే ఎవరో డబ్బున్నవాళ్ల ఇంట్లో చేరి వాళ్ల పిల్లల్ని చూసుకుంటూ బతకాలి. అన్నాల దగ్గర చోటుంటుంది గానీ మాటల దగ్గర ఉండదు. పనిమనిషీ కాదు, ఇంటిమనిషీ కాదు. అదీ వాళ్ల బతుకు."

"ఖర్మ! నేనైతే పెట్టె సర్దుకుని పోయేదాన్ని మేడమ్."

"ఎక్కడికి పోతావే?" అనేది మేడమ్.

అంత నోరున్న పిల్లండీ. అలాంటి పిల్ల జర్మనీ వచ్చి, కైసర్స్‌లౌటర్న్‌లో మాస్టర్స్ చేసి, ఆ నవలల్లోని పిల్లలు చేసిన పనే తూచా తప్పకుండా చేసింది. చేస్తున్నానని తెలియకుండా చేసింది. అదీ ఎవరి చేతిలోననుకున్నారు? ఆ పాఠం చెప్పిన మనిషి చేతిలోనే!

లిండాది నరసాపురం. తల్లి కృపమ్మ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి, ఉన్న ఒక్క పిల్లనీ ఒంటిచేత్తో పెంచింది. లిండా ఇక్కడ చదివింది మెటీరియల్స్. గాజు, పింగాణీ లాంటివి ఎంత వేడికి ఆగుతాయో, ఎక్కడ మొదలై ఎటు పగులుతాయో చూసే చదువు అది. వచ్చిన మొదటి ఆదివారమే తెలుగువాళ్ల ఫెలోషిప్‌ వెతుక్కుంటూ వెళ్లింది. ఒక జర్మన్ చర్చి వెనకాల హాలు మధ్యాహ్నంపూట మనవాళ్లకి ఇస్తారు. గుమ్మంలో అడుగు పెట్టిందో లేదో, చంకలో పసిపిల్లతో ఎదురుగా జయశీల మేడమ్!

ఇద్దరూ కావలించుకుని ఏడ్చేశారు. పరాయి దేశంలో సొంత కాలేజీ మేడమ్ కనిపిస్తే ఏడుపు రాదా మరి? మేడమ్ పెళ్లి చేసుకుని ఉద్యోగం మానేసి, భర్త జయసాగర్ వెంట ఇక్కడికి వచ్చి అప్పటికే కొన్నేళ్లయింది.

"మేడమ్ ఏంటే ఇక్కడ? అక్కా అను," అంది జయశీల.

ఆ రోజు నుంచీ అక్కే. ఉగాదికి పచ్చడి పెట్టని ఇల్లు గానీ, క్రిస్మస్‌కి అరిసెలు వండే ఇల్లు అది. ప్రతి ఆదివారం లిండా అన్నం అక్కడే.

చదువయ్యాక అసలు సంగతి మొదలైంది. ఇక్కడ డిగ్రీ చేతికొచ్చాక ఉద్యోగం వెతుక్కోవడానికి ఏడాదిన్నర గడువిస్తారు. ఆలోపు చదువుకి తగ్గ ఉద్యోగం దొరికితే ఉండొచ్చు, లేదంటే మూటాముల్లె సర్దుకోవాలి. హాస్టల్ గది చదువుకునేవాళ్లకే, ఖాళీ చెయ్యమన్నారు. బయట మీటె చూస్తే, అదే అద్దె, గుండె గుభేలుమంది.

"మా ఇంట్లో గది ఊరికే పడుంది. వచ్చెయ్," అంది జయశీల. "అద్దె ఇస్తానన్నావంటే చెంప పగలగొడతా. కెజియాని కాస్త చూస్తూ ఉండు, చాలు."

కెజియా జయశీల కూతురు. అప్పటికి రెండేళ్లు దాటాయంతే. దాన్ని 'కాస్త' చూడ్డమేంటో లిండాకి వారంలో తెలిసొచ్చింది. జయసాగర్‌ది స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం, శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చి సోమవారం పొద్దున్నే వెళ్లిపోతాడు. జయశీలకి అప్పుడే పెద్దవాళ్ల బడి ఒకదాంట్లో ఇంగ్లీషు చెప్పే పని దొరికింది. పొద్దుటిపూట ఉద్యోగాలవాళ్లకి మాట్లాడే ఇంగ్లీషు. బుధవారం మధ్యాహ్నం మాత్రం రిటైరైన జర్మన్ ఆడవాళ్లకి పాత ఇంగ్లీషు నవలలు. పెళ్లి, డబ్బు, ఆడవాళ్లకి లేని దారులు, ఇదీ ఆ క్లాసు పేరు. అందరూ మేడమ్‌ అంటే ప్రాణం పెట్టేవారట. అక్క మంచి చీర కట్టుకుని, బొత్తాలు పెట్టిన కోటు పైనేసుకుని ఆడవాళ్ల స్వేచ్ఛ గురించి చెప్పడానికి వెళ్తుంటే, లిండా ఇంట్లో కూర్చుని కెజియాకి పప్పన్నం మెత్తగా పిసికి గోరుముద్దలు పెట్టేది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, జయశీల చెడ్డదేం కాదు. లిండాకి జ్వరమొస్తే మిరియాల చారు కాచి పక్కన కూర్చుంది. పుట్టినరోజుకి కేకు చేసింది. లిండా కూడా పిల్లని బరువనుకోలేదు. కెజియా తన మెడ పట్టుకుని "లిండా పిన్నీ, కొమ్!" అని పార్కుకి లాగుతుంటే సంబరంగానే వెళ్లేది. శనివారాలు బేకరీలో పనిచేసి ఇన్సూరెన్సుకి సరిపెట్టుకునేది. పిల్ల పడుకున్నప్పుడు ఉద్యోగాలకి అప్లై చేసేది. పిల్ల లేస్తే అప్లై చెయ్యడం ఆగేది. పిల్ల ఎక్కువగా లేచే ఉండేదండీ.

అయినా దేవుడు కనికరించాడు. ఫిబ్రవరిలో, ఊళ్లో ఫాషింగ్ సంబరాలు జరుగుతూ పిల్లలంతా పులి వేషాలూ రాణి వేషాలూ వేసుకుని తిరుగుతున్న సోమవారం నాడు, ఇల్మెనౌ అనే ఊరి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ప్రయోగశాలలకి గాజు సామాను చేసే చిన్న కంపెనీ. సామాను పగలకుండా పరీక్షించే పని, అచ్చంగా లిండా చదివిన చదువు. ఫోన్ చేసింది ఆ కంపెనీ పెద్దావిడే. "ఏప్రిల్లో చేరతావా?" అని అడిగింది.

లిండా కెజియాని ఎత్తుకుని గదంతా గిరగిరా తిప్పేసింది. జయశీల ఇంటికి రాగానే గుమ్మంలోనే చెప్పింది.

జయశీల బూట్లు విప్పుతూ ఆగిపోయింది. "ఇల్మెనౌనా? అంత దూరమా?" అంది. తర్వాత "దేవునికి స్తోత్రం తల్లీ," అని దగ్గరికి తీసుకుంది. ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు. తలనొప్పి అంది.

మర్నాడు పొద్దున్నే ఏదో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఉందని బయటికెళ్లింది. సాయంత్రం టీ కలిపి లిండాని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఒక మాట చెబుతాను, కంగారుపడకు. నథానియేల్ లేడూ, మన కీబోర్డు వాయించే అబ్బాయి? వాళ్లు నిన్ను అడుగుతున్నారే."

నథానియేల్ కాకినాడ అబ్బాయి. ఊళ్లోనే ఒక పరిశోధన సంస్థలో ఉద్యోగం, పెద్ద చదువుల ఉద్యోగాలకిచ్చే బ్లూ కార్డు వీసా మీద ఉన్నాడు. ఏడాది క్రితమే ఫెలోషిప్‌లో చేరాడు. నెమ్మదస్తుడు. లిండా పాడేటప్పుడు శ్రుతి హెచ్చయితే అడక్కుండానే ఒక మెట్టు దించేవాడు. ఎప్పుడూ తల తిప్పి చూసేవాడు కాదు గానీ, దించేవాడు. ఆ ఒక్క సంగతీ లిండా మనసులో దాచుకుందని అక్కకి ఎప్పుడో తెలుసు. లిండానే చెప్పింది మరి.

"కానీ అక్కా, నన్ను సిస్టర్ అంటాడుగా!"

"పిచ్చి మొహమా, చర్చిలో అందర్నీ అలాగే అంటారు. మీ బావగారు పెళ్లిచూపుల్లో కూడా నన్ను సిస్టర్ అన్నారు." ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వయ్యాక జయశీల గొంతు తగ్గించింది. "వాళ్లమ్మగారు పాతకాలం మనిషి. పిల్ల ఇక్కడే ఉండాలి, ఎక్కడో ఉద్యోగం పట్టుకుని పోయేదైతే వద్దన్నారట. ఇంకో మాట. మాట ఖాయమయ్యేదాకా నువ్వు అతనితో పెదవి విప్పకు. పిల్లే ముందుపడి మాట్లాడిందంటే ఆవిడ అక్కడితో చాప చుట్టేస్తుంది. మధ్యలో నేనున్నాగా?"

మన ఇళ్లలో అంతే కదండీ. సంబంధం అంటే పెద్ద మనిషి నోటి మీదుగా నడవాలి. పిల్ల నోరెత్తితే తెగించిందంటారు. జర్మనీ వచ్చాం, ఒంటరిగా రైళ్లెక్కుతున్నాం, ల్యాబుల్లో కొలిమిలాంటి వేడి దగ్గర పనిచేస్తున్నాం, కానీ ఆ ఒక్క గీత దగ్గర మాత్రం కాలు ఆగిపోతుంది. వెళ్లి అడిగెయ్యొచ్చుగా అని క్లాసులో నవ్వించిన లిండాకీ ఆగిపోయింది.

తల్లికి ఫోన్ చేసింది. "మేడమ్ చెప్పారంటే ఇంక ఆలోచనేంటమ్మా? ఆవిడ చదువుకున్న మనిషి, నీ మేలు కోరే మనిషి," అంది కృపమ్మ. "ఉద్యోగం పెళ్లయ్యాక కూడా దొరుకుతుంది. భర్త వీసా మీద హాయిగా చేసుకోవచ్చటగా."

జయశీల కూడా అదే అంది. లిండా రెండు రోజులు ఆలోచించి ఇల్మెనౌ ఆవిడకి ఫోన్ చేసి రాలేనంది. "షాడె," అంది ఆవిడ, అయ్యో అన్నట్టుగా. ఒక్క క్షణం ఆగి, బాగా ఆలోచించుకున్నావా అని కూడా అడిగింది. లిండా ఆలోచించుకున్నానంది. నోటికాడి కూడు తనే పక్కకి నెట్టుకుంది.

తర్వాత నెలలు కబుర్లతో గడిచాయి. ఆదివారం ఇంటికి రాగానే అక్క చెప్పేది. "ఇవాళ నీ పాట బాగుందన్నాడే." "వాళ్లమ్మగారు ఫోటో చూసి కళ్లు బాగున్నాయందట." లిండా ఆ కబుర్లతోనే వారమంతా బతికేది. హాల్లో నథానియేల్ ఎదురైతే తల వంచుకుని పక్కనుంచి పోయేది. అతను "వందనాలు సిస్టర్," అంటే ఆ మాటలో ఏమైనా దాగుందేమోనని ఇంటికొచ్చి మళ్లీ మళ్లీ తలుచుకునేది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నరసాపురంలో కృపమ్మ తెల్ల పట్టుచీర కొనేసి పెట్టెలో పెట్టేసింది కూడా. ఎప్పుడక్కా అనడిగితే ముందు ఈస్టర్ అవ్వనీ అంది జయశీల. ఈస్టర్ అయ్యాక వాళ్లమ్మగారికి కంటి ఆపరేషన్ అవ్వనీ అంది. గడువు సెప్టెంబరులో అయిపోతుంది. ఆ బెంగ ఎప్పుడైనా లిండా నోటిదాకా వస్తే, "పెళ్లి కుదిరాక గడువేంటే!" అని కసిరేది.

జూన్ మొదట్లో కెజియాకి కీటాలో చోటొచ్చింది. కీటా అంటే ఇక్కడి పసిపిల్లల బడి. అందులో చోటు దొరకడమంటే మాటలు కాదు, కడుపుతో ఉండగానే పేరు రాయించుకుంటారు. చోటిచ్చినా పిల్లని వదిలేసి రాకూడదు. అలవాటు పడేదాకా కొన్ని వారాలపాటు ఇంటిమనిషి ఎవరో ఒకరు అక్కడే కూర్చోవాలి. జయశీలకి క్లాసులు. జయసాగర్‌ని అడిగితే "నాకెలా కుదురుతుంది?" అన్నాడు. ఇంకెవరు కూర్చుంటారు? లిండానే వెళ్లి పొట్టి కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుంది.

ఆ కీటా టీచరు ఫ్రావ్ హోల్జర్ మాటకారి. ఒకరోజు పిల్లలు ఇసకలో ఆడుతుంటే లిండా పక్కన నిలబడి మెచ్చుకుంది.

"మీలాంటి చెల్లెలుండటం మీ అక్క అదృష్టం. అసలు ఈ చోటు మీ వల్లే వచ్చింది తెలుసా? మొదటి వారాల్లో కూర్చునే మనిషి లేదంటే మేం వేరేవాళ్లకిచ్చేస్తాం. మీ అక్క వచ్చి గట్టిగా చెప్పింది, నా చెల్లెలికి ఉద్యోగం లేదు, ఎండాకాలమంతా ఖాళీయే అని."

"ఎప్పుడు చెప్పింది?" అంది లిండా, ఊరికే మాటవరసకి.

"ఫాషింగ్ మంగళవారం. నాకు బాగా గుర్తు, నేను అప్పుడు ఎలుగుబంటి వేషంలో ఉన్నాను. ఆ వేషంలోనే మీ అక్కతో చెయ్యి కలిపాను!" అని పకపకా నవ్వింది.

లిండా నవ్వలేదు. ఇల్మెనౌ ఫోనొచ్చింది ఫాషింగ్ సోమవారం. మంగళవారం పొద్దున అక్క టెర్మిన్ అని వెళ్లింది. అప్పటికి నథానియేల్ పేరే ఎత్తలేదు. అప్పటికి లిండాకి ఉద్యోగం ఉంది. ఉద్యోగం ఉన్న మనిషిని లేదని ఎలా చెప్పింది? ముందు కీటాకి మాటిచ్చి, సాయంత్రం వచ్చి సంబంధం చెప్పిందా?

ఛ, ఛ, అనుకుంది. అక్క అలాంటిది కాదు, అబ్బాయి తరఫువాళ్లు ముందే అడిగి ఉంటారు, అందుకే ధైర్యంగా చెప్పి ఉంటుంది. మనసుకి ఇష్టమైన మనిషిని నేరస్థుల బోనెక్కించాలంటే ఎంత కష్టమో చూడండి! సాక్ష్యం చేతిలో పెట్టుకుని కూడా లాయరు మనమే అవుతాం. ఆ వారమంతా లిండా అక్క తరఫున వాదించుకుంటూనే ఉంది. ఆదివారానికి వాదనలైపోయాయి.

ప్రార్థనయ్యాక అందరూ పక్కగదిలో బిర్యానీ దగ్గర చేరారు. నథానియేల్ ఒక్కడూ వైర్లు చుడుతున్నాడు. లిండా వెళ్లి ఎదురుగా నిలబడింది.

"నథానియేల్ గారూ, ఒక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. మీ అమ్మగారు చివరికి ఏమన్నారు?"

"మా అమ్మగారా?" అతను వైరు వదిలేశాడు. "దేని గురించి సిస్టర్?"

"మన... పెళ్లి మాట. జయశీల అక్కతో మాట్లాడుతున్నారుగా, ఫిబ్రవరి నుంచి."

అతనికి మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఏదో చెప్పబోయి ఆగి, చివరికి చాలా మెల్లగా అన్నాడు.

"మా అమ్మ పోయి మూడేళ్లయింది సిస్టర్."

నాలుగు నెలలుగా లిండా కళ్లు బాగున్నాయన్నదీ, ఉద్యోగానికి పోయే పిల్ల వద్దన్నదీ, కంటి ఆపరేషన్ చేయించుకున్నదీ ఎవరమ్మా మరి? చచ్చిపోయిన మనిషి చేత అక్క ఇన్ని పట్టింపులు పట్టించిందా? ఆవిడ బతికుందో లేదో కనుక్కునే శ్రమ కూడా పడలేదా?

"జయశీల సిస్టర్ నాతో ఎప్పుడూ ఈ మాట అనలేదు," అన్నాడు నథానియేల్. "మీరెప్పుడూ మొహం తిప్పుకుని వెళ్తారు, నేనంటే పడదేమో అనుకునేవాణ్ణి. నేనొచ్చి వాళ్లతో మాట్లాడనా?"

"వద్దండీ. నేనే మాట్లాడతాను," అంది లిండా.

ఇంటికొచ్చేసరికి ఇంకా ఎండ తగ్గలేదు. జయసాగర్ హాల్లో ల్యాప్‌టాప్ ముందు క్రికెట్ చూస్తున్నాడు. వంటింట్లో జయశీల టీ పెడుతోంది, కెజియా కింద కూర్చుని గరిటెలతో ఆడుతోంది. లిండా తలుపు దగ్గరికి వేసింది.

"అక్కా, నథానియేల్ వాళ్లమ్మగారి కన్ను ఎలా ఉంది?"

"బానే ఉందటే, చుక్కలు వేస్తున్నారట," అంది జయశీల వెనక్కి తిరక్కుండానే.

"ఆవిడ చనిపోయి మూడేళ్లయిందట."

టీ పొంగి పొయ్యి మీద పడింది. జయశీల దించలేదు. చివరికి లిండానే చెయ్యి చాపి స్టవ్ ఆపింది.

"అడిగావా?" అంది జయశీల.

"అడిగాను. నువ్వు అడగొద్దన్నది ఎందుకో ఇప్పుడు తెలిసింది. నన్నెందుకు చేశావక్కా ఇలాగ? వెళ్లొద్దు, నాకు నీ అవసరం ఉంది అని ఒక్క ముక్క అంటే సరిపోయేదిగా?"

"అంటే ఉండేదానివా?"

ఉండేది కాదు. ఇద్దరికీ తెలుసు.

జయశీల పక్కనున్న కుర్చీలో కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ చెప్పింది. "నాకు మాత్రం వేరే దారేముందే? కాలేజీ ఉద్యోగం వదులుకుని వచ్చాను. ఇన్నేళ్లూ ఈ నాలుగ్గోడల మధ్య పడున్నాను. ఇన్నాళ్లకి నా పేరుతో జీతం వస్తోంది. కొత్త ఉద్యోగం, ఒక్క నెల సెలవు పెట్టినా తీసేస్తారు. నువ్వెళ్లిపోతే పిల్లనెవరు చూస్తారు? మీ బావగారు ఏమన్నారో తెలుసా? కుదరకపోతే మానేసెయ్, నా జీతం చాలదా అన్నారు. ఒక్క కీటా మొదలయ్యేదాకా అనుకున్నానే. తర్వాత నీకేదో ఒకటి చూద్దామనుకున్నా."

"బావగారితో పోట్లాడొచ్చుగా?"

"ఆయనతోనా?" అంది జయశీల, అదేదో వింత మాటైనట్టు.

అదండీ సంగతి! మొగుణ్ణి అడిగే ధైర్యం లేక, నమ్మిన పిల్ల నోరు కట్టేసింది. చెప్పేవన్నీ శ్రీరంగనీతులు. బలవంతుడి జోలికి పోలేని మనిషికి చేతికందేది తనకన్నా బలహీనురాలే. ఆ సంగతి ఆవిడకి తెలియదా? జర్మన్ ముసలమ్మలకి వారం వారం చెప్పేది అదేగా!

"నీకు దారి కావాలి, నిజమే," అంది లిండా. "అందుకు నా దారి మూసేశావు. అది కూడా నేను ఇష్టపడ్డ మనిషి పేరు పెట్టి మూశావు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదక్కా ఆ సంగతి. మా అమ్మ చీర కొనేసింది. ఇప్పుడు నేను ఆవిడకేం చెప్పను?"

హాల్లోంచి జయసాగర్ కేకేశాడు. "టీ అయ్యిందా శీలా?"

ఇద్దరూ ఏడుపు ఆపుకున్నారు. జయశీల లేచి మళ్లీ పాలు పెట్టింది.

సోమవారం లిండా సిగ్గు చంపుకుని ఇల్మెనౌకి ఫోన్ చేసింది. ఆ పెద్దావిడ గొంతు గుర్తుపట్టింది, మంచిగానే మాట్లాడింది. ఆ పనిలో ఏప్రిల్లోనే వేరే అమ్మాయి చేరిందట, ఇంకో పని ఇప్పట్లో లేదట. లిండా ఫోన్ పెట్టేసి మంచం మీద బోర్లా పడుకుని ఏడ్చింది. తర్వాత లేచి మొహం కడుక్కుని, తనతో చదువుకున్న రుచితకి ఫోన్ చేసింది. రుచితది ఒక్క గది ఇల్లే, అయినా "పరుపు కింద వేసుకుందాం, వచ్చెయ్," అంది. లిండా పెట్టె సర్దడం మొదలుపెట్టింది.

సాయంత్రం జయశీల గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కళ్లు వాచి ఉన్నాయి.

"లిండా, నేను చేసింది తప్పే. దిద్దుకుంటాను. నిజం సంబంధం చూశాను. ఈసారి దేవుని తోడు, అబద్ధం లేదు. ఫ్రైబర్గ్‌లో ప్రభుదాస్ గారని ఉన్నారు. భార్య చనిపోయింది, ఇద్దరు పిల్లలు. బ్లూ కార్డు. వయసు కాస్త ఎక్కువనుకో, కానీ నీ గడువు సెప్టెంబరులో అయిపోతోంది, ఇంకెక్కడికి పోతావే? నేను పొద్దున మాట్లాడాను, ఆయన ఇష్టమే అన్నారు."

ఎక్కడికి పోతావే! భీమవరం క్లాసులో ఇదే మాట. లిండా సర్దుతున్న బట్టలు మంచం మీద పడేసింది.

"నంబరివ్వు."

"నువ్వెందుకే, నేను మాట్లాడి..."

"మధ్యలో నువ్వొద్దు. నంబరివ్వు."

జయశీల ఇచ్చింది. లిండా అప్పటికప్పుడే చేసి, అక్కకి వినబడేలా స్పీకరు పెట్టింది. అవతల నెమ్మదైన గొంతు, వెనకాల పిల్లల గోల.

"నేను కైసర్స్‌లౌటర్న్ నుంచి లిండానండీ. జయశీల గారు మీతో నా గురించి మాట్లాడారట."

"ఆఁ, అవునండీ, వందనాలు. మీరే చేస్తారని అనుకోలేదు. మాట్లాడారండీ. చాలా మంచిగా చెప్పారు."

"ఏం చెప్పారండీ?"

"పిల్లల్ని బాగా చూసుకుంటారని చెప్పారండీ. వాళ్ల పాపని మీరే పెంచారట కదా. ఓపిక ఎక్కువనీ, ఎదురు మాట్లాడరనీ, ఇంట్లో ఉన్నట్టే తెలియదనీ అన్నారు. దాచడమెందుకు, నాకు కావలసింది అదేనండీ. పొద్దున్నే ల్యాబుకి వెళ్తే సాయంత్రం దాకా పిల్లల్తో ఇబ్బంది పడుతున్నాను."

"ఏ ల్యాబండీ మీది?"

"సిరామిక్స్ అండీ. పింగాణీ, గాజు, ఇలాంటివి ఎంత వేడికి పగులుతాయో చూస్తాం. చెప్పినా మీకు విసుగు."

లిండా జయశీల వైపు చూసింది. జయశీల నేల చూస్తోంది.

"నా చదువు గురించి ఆవిడేమైనా చెప్పారాండీ?"

"లేదండీ," అన్నాడు ప్రభుదాస్, కాస్త ఇబ్బందిగా. "చదువుకున్నారా మీరు?"

ఆయన తప్పేం లేదు పాపం. తనకి చెప్పిందే ఆయన అన్నాడు. లిండా గొంతు సర్దుకుని, చదువుకున్నానండీ, అదే చదువుకున్నాను అంది. పెళ్లి ఆలోచన తనకి లేదనీ, పిల్లలకి ముద్దులనీ చెప్పి పెట్టేసింది.

అంతకుముందు రోజు వంటింట్లో పడ్డ దెబ్బకన్నా ఇది లోతుగా దిగింది. అబద్ధం అవసరానికి చెప్పిందనుకోవచ్చు. కానీ ఇవాళ నిజం చెప్పమంటే, లిండా గురించి మేడమ్‌కి తోచిన నిజం ఇంతే. ఓపిక ఎక్కువ, ఎదురు మాట్లాడదు, ఇంట్లో ఉన్నట్టే తెలియదు! చివరి బెంచీలోంచి చెయ్యెత్తి క్లాసుని నవ్వించిన పిల్ల ఆవిడకి ఎక్కడా గుర్తు రాలేదు.

"చదువు సంగతి తర్వాత చెబుదామనుకున్నానే," అంది జయశీల. లిండా పెట్టె జిప్పు లాగుతుంటే కంగారుగా దగ్గరికొచ్చింది. "ఇప్పుడే వెళ్లకే. కెజియా ఇంకా అక్కడ ఒక్కతే ఉండట్లేదు. ఒక్క బుధవారం దాకా ఉండవే. నాకు క్లాసుంది."

లిండా ఆ మొహంలోకి చూసింది. ఆ మనిషి నిజంగానే అడుగుతోంది.

కెజియా వచ్చి పెట్టె పట్టుకుంది. "నైన్! పిన్నీ, నైన్!" అని జర్మన్లో వద్దు వద్దంటూ ఏడుస్తోంది. లిండా మోకాళ్ల మీద కూర్చుని దాని ముక్కు తుడిచి, రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకుని, తల్లి చేతికి అందించింది. పిల్ల బరువు జయశీల చేతుల్లోకి వెళ్లేదాకా వదల్లేదు.

తర్వాత బూట్లు వేసుకుని, తాళంచెవి గుమ్మం పక్కనున్న గిన్నెలో పెట్టింది.

"వెళ్లొస్తాను మేడమ్," అంది.

ఆ పిలుపు విని జయశీల బిత్తరపోయి చూసింది. లిండా పెట్టె రెండు చేతులతో పట్టుకుని మెట్లు దిగింది.